గిద్దెడు బియ్యంపై విచారణ

పెళ్లి ఊసెత్తకుండా తపాలా శాఖలో అరవయ్యేళ్లు నిండేదాకా ఉద్యోగం చేసి, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర రెండు గదుల డాబా ఇంట్లో ఒక ఆడమనిషి హాయిగా కాలం వెళ్లబుచ్చడం ఎంతటి ఘోరమో మా బంధువర్గం ద్వారానే నాకు తెలిసివచ్చింది. నేను బతికున్నానా లేదా అని కేంద్ర ప్రభుత్వం ఏడాదికొకసారి, నవంబరులో, అడుగుతుంది. 2014లో పింఛనుదారులకు జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ ధ్రువపత్రం వచ్చాక వేలిముద్ర వేస్తే నమ్మేస్తుంది కూడా. బంధువులు అంత తేలిగ్గా నమ్మరు. వారికి తనిఖీ కావాలి.

మొన్న ఆదివారం విశాఖపట్నం నుంచి మా మేనకోడలు, ఆమె భర్త, అత్తగారు విచారణ సంఘంగా విచ్చేశారు. అత్తగారు నేరుగా వంటగదిలో చొరబడి, గిన్నె మూత తీసి, గిద్దెడు బియ్యపు అన్నం చూసి పమిటచెంగు కళ్లకు అద్దుకున్నారు. "ఏటండీ వదినగారూ, ఇంతేనా వండుకోడం?" ఇంకో గిద్దెడు వేస్తే మిగిలింది ఎవరు తినాలో మాత్రం ఆవిడ సెలవివ్వలేదు. ఫ్రిజ్‌లో చిన్న గిన్నెలో ఉన్న ఆవపెట్టిన పనసపొట్టు కూరను మేనకోడలు ఫొటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టగా, ఏడుపు బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. "రాత్రిపూట గుండెనొప్పొస్తే ఏటి చేస్తారత్తయ్యా?" అన్నాడు అల్లుడు, ఆయన చెవి దగ్గర డప్పు వాయించినా లేవడని మేనకోడలే ఎన్నోమార్లు మొత్తుకుంది. విచారణ ముగిశాక, తిరుగు ప్రయాణానికి ముందు రామతీర్థం వెళ్లాలని అత్తగారు, వద్దని కొడుకు, ఏ గుడికీ రానని కోడలు నా వీధి అరుగు మీదే వాదులాడుకుంటుండగా, నేను లోపల ఆ గిద్దెడన్నమూ ఆ కూరా తృప్తిగా తిని, కంచం కడిగి బోర్లించుకున్నాను.

ఇంత జాలిగల వంశంలో శ్రావణమాసపు పేరంటాలకు నా గుమ్మం ఎవరికీ కనబడదు. నిశ్చితార్థపు పళ్లేలు నన్ను ముట్టుకోవద్దని పక్కకు పిలిచి మరీ చెప్పారు. ఆస్పత్రిలో రాత్రి కాపలాకు మాత్రం మొదటి ఫోను నాకే: "నీకేటి, ఒక్కదానివే కదా!" మా అమ్మ మంచాన పడితే అన్నదమ్ముల్లో ఒక్కడూ ఒక్క రాత్రి మేలుకోలేదు. ఆ రాత్రుల్లో నేను ఒక్కదాన్నే ఉన్నానని ఏ పమిటచెంగూ తడవలేదేం? అప్పుడు రాని జాలి ఇప్పుడు, నాకు చేతినిండా పింఛనూ కంటినిండా నిద్రా ఉన్నప్పుడు, ఎవరడిగారని మోసుకొస్తున్నారు? సిగ్గుండాలి.

ఇదిలా ఉండగా, దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి ఉత్సవంలో పూజారి కొసన కూర్చుని ఊరేగే పొడవాటి మానును, అంటే సిరిమానును, చూడటానికి మా డాబా కావాలని గ్రూపులో అప్పుడే కబురు వచ్చింది. గుడికీ కోటకూ మధ్య సిరిమాను మూడుమార్లు తిరుగుతుంది కనుక, అంతసేపు నిలబడబోయే వారందరూ కూడూ నీళ్లూ తామే కట్టుకుని రావలసిందిగా సవినయంగా జవాబిచ్చాను. నీలం టిక్కులైతే పడ్డాయి.