లో ఎనర్జీ కాన్‌స్టెంట్ల వారి సముఖానికి

మహారాజశ్రీ ఎల్-1 గారు మొదలు ఎల్-10 గారి వరకు, వారి సమస్త బంధువర్గానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమ సమాచారాలు ఎప్పటిలాగే ప్లస్సు మైనస్సులతో సహా అందుతున్నాయి. ఎల్-9 గారు నికరంగా ఉన్నారనీ, ఎల్-4, ఎల్-6 గార్లు తాము సున్నాయో కాదో తేల్చుకోవడానికి దశాబ్దాలు తీసుకున్నారనీ విన్నాం. సంతోషం.

వ్రాయునది ఏమనగా, భౌతికశాస్త్రపు లెక్కల్లో తెలియని అంకెలుగా కొలువుదీరిన మీ మీద మాకు ఫిర్యాదులు బాగా పేరుకుపోయాయి. లోపలి సంగతులు వదిలేసి, పైకి కనిపించేవాటితోనే లెక్క కట్టే ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీ అనే పెద్దింట్లో మీరు మకాం వేసి నలభై ఏళ్లు దాటింది. ఆ ఇంటివాళ్లు మిమ్మల్ని పల్లెత్తు మాట అనరు. మీరు లేకపోతే వాళ్లకు పేపర్లు లేవు. అందుకని బయటివాళ్లమే కలం పట్టాల్సి వచ్చింది.

మీ పుట్టుపూర్వోత్తరాలు తెలియనివాళ్లూ ఈ ఉత్తరం చదువుతారు కనుక, ముందు నాలుగు ముక్కలు. ప్రోటాన్ లోపల క్వార్కులూ గ్లువాన్లూ ఉంటాయి. వాటి నడవడి మొత్తానికి క్యూసీడీ అని ఒక సిద్ధాంతం ఉంది. క్వార్కులు ఎంత గట్టిగా గుద్దుకుంటే వాటి మధ్య బలం అంత సడలుతుందని 1973లో గ్రాస్, విల్చెక్, పొలిట్జర్ తేల్చారు. 2004లో నోబెల్ కూడా పుచ్చుకున్నారు. బాగానే ఉంది. అయితే అవే క్వార్కులు తాపీగా తగిలినప్పుడు ఆ బలం విజృంభిస్తుంది, కాగితం మీద లెక్క ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. ఎప్పుడో ఎక్కడో జరిగే భీకరమైన గుద్దులాటలకు లెక్కుంది. మన ఒంట్లోని ప్రతి కేంద్రకంలో అనుక్షణం నడిచే మామూలు వ్యవహారానికి లేదు.

1979లో స్టీవెన్ వైన్‌బర్గ్ దీనికో ఉపాయం చెప్పాడు. లోపల ఏముందో కాసేపు మరిచిపోండి, బయటికి కనిపించే పయాన్లనే (క్వార్కులతో అయిన తేలికపాటి కణాలనే) పట్టుకోండి, సౌష్ఠవ నియమాలు ఒప్పుకునే పదాలన్నీ ఒక్కటీ వదలకుండా రాసెయ్యండి, ఒక్కో పదం ముందూ ఒక్కో తెలియని అంకె పెట్టండి అన్నాడు. శక్తి తక్కువగా ఉన్నంతసేపూ ముందు వరస పదాలదే రాజ్యం, వెనక వరసలన్నీ చిల్లర ఖర్చులు. స్విట్జర్లాండులో గాసర్, లాయిట్‌వైలర్ ఆ పనిని 1984, 85లలో వరసగా చేసి చూపించారు. ఆ తెలియని అంకెలే తమరు.

మీ తెలివికి దండం పెట్టాలి. తెలియనిదాన్ని తెలియదంటే ఇంటర్వ్యూ బోర్డువాళ్లు ఇంటికి పంపేస్తారు. దానికే ఓ అక్షరం తగిలించి, కింద నంబరు వేసి, విలువ కొలవాల్సి ఉంది అని రాస్తే ప్రాజెక్టు శాంక్షన్ అవుతుంది.

మీ వంశం మాత్రం చెడ్డది కాదు. మూలపురుషుడు జీ-ఎఫ్ గారి సంగతి మాకు తెలుసు. 1933 చివర్లో రోములో కూర్చుని ఫెర్మీ బీటా విచ్ఛిత్తికి, అంటే న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారే తంతుకి, లెక్క కట్టాడు. న్యూట్రాన్, ప్రోటాన్, ఎలక్ట్రాన్, న్యూట్రినో నాలుగూ ఒకే బిందువు దగ్గర కలుస్తాయన్నాడు. ఆ కలయిక బలానికి ఒక అంకె పెట్టాడు, అదే జీ-ఎఫ్. ‘నేచర్’ పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇటాలియన్‌లోనూ జర్మన్‌లోనూ అచ్చయింది. ఆ బిందువు లోపల ఏముందని ఫెర్మీ ఆరా తీయలేదు. 1957లో మన సుదర్శన్, ఆయన గురువు మార్షాక్ ఆ కలయిక పోలికను సరిదిద్దారు, లోపలికి మాత్రం వాళ్లూ చూడలేదు. 1983లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో డబ్ల్యూ బోసాన్ దొరికాక గుట్టు రట్టయింది. ప్రోటాన్ కంటే 85 రెట్లకు పైగా బరువైన కణం ఒకటి అక్కడ తళుక్కుమని మాయమవుతోంది. తక్కువ శక్తుల దగ్గర నిలబడి చూసేవాళ్లకు అది బిందువుగానే కనిపిస్తుంది.

యాభై ఏళ్లు లోపల ఏముందో తెలియకుండానే లెక్కలు సరిపోయాయి! పైగా ఆ సిద్ధాంతం తన ఆయుర్దాయం తానే చెప్పుకుంది. శక్తి కొన్ని వందల గిగా ఎలక్ట్రాన్ వోల్టులకు చేరితే నా లెక్కలో సంభావ్యత నూటికి నూరు దాటిపోతుంది, అక్కడ నన్ను నమ్మకండి అంది. పార్టీలూ, పంచాంగాలూ, పంచవర్ష ప్రణాళికలూ ఇంత మాట ఎన్నడైనా అన్నాయా? డబ్ల్యూ వచ్చాక కూడా జీ-ఎఫ్ గారు సర్వీసులోనే ఉన్నారు. ఎలక్ట్రాన్‌కు బరువైన అన్నలాంటి మ్యూవాన్ ఆయుర్దాయాన్ని కొలిచి, ఆయన విలువను పది లక్షల్లో ఒక వంతు తేడా కూడా లేకుండా పట్టుకున్నారు. ఒక్క మనిషి, ఒక్క అంకె, బోలెడు పని.

మరి తమరో? మూడు రకాల క్వార్కుల లెక్క తీసుకుంటే మొదటి వరసలో మీరు ఇద్దరే. రెండో వరసకు పదిమంది. మూడో వరసకు 90. ఆ పై వరస కూడా ఎవరో ఓపిగ్గా లెక్కపెట్టారు, వెయ్యి దాటారు. మీలో చాలామందిని విడిగా కొలిచిన మనిషి భూమ్మీద లేడు. మీ పెద్దతండ్రి వైపువాళ్లు, స్మెఫ్ట్ అని, ఇంకా ఘనులు. హిగ్స్ బోసాన్ బరువుకు పైన కొత్త కణాలేవైనా దాగి ఉంటే వాటి నీడ ఎలా పడుతుందో చెప్పడానికి వాళ్లను పెట్టారు. 2010లో వార్సాలో తయారైన జాబితాలో 59 మంది. మూడు తరాల కణాలకూ విడదీస్తే 2499. ఇప్పటిదాకా వాళ్లలో ఒక్కరి విలువైనా సున్నా కాదని రుజువు కాలేదు. జీతం సున్నా అయినా హాజరుపట్టీలో పేరు మాత్రం పదిలం.

అలాగని మిమ్మల్ని ఉత్తి దండగమనుషులని కొట్టిపారెయ్యడం అన్యాయం. ఒక్కచోట మీరు పని చేసి చూపించారు, అది ఒప్పుకోవాలి.

రెండు పయాన్లు దాదాపు కదలకుండా ఒకదాన్నొకటి తాకితే ఎంత చెదురుతాయి? పయాన్ల బండను ఎదురుగా పెట్టుకుని కొట్టడం కుదరదు. సెకనులో కోటో వంతులో మూడో వంతు కూడా అవి సగటున బతకవు. అయినా ఆ చెదురుడును కొలిచే ‘చెదురు పొడవు’కు వైన్‌బర్గ్ 1966లోనే ఒక విలువ ఇచ్చాడు, 0.16 అని. మిమ్మల్ని కలుపుకుని రెండో వరస లెక్క కడితే 0.20 వచ్చింది. మూడో వరస దాకా వెళ్లి, రాయ్ సమీకరణాలతో బిగిస్తే 2000 ప్రాంతంలో 0.220 వచ్చింది, అటూ ఇటూ 0.005 తేడాతో. ఆ రాయ్ ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఎస్.ఎం. రాయ్. 1971లో ఆయన రాసుకున్న సమీకరణాలను ముప్ఫై ఏళ్ల తర్వాత దుమ్ము దులిపి వాడిన బృందంలో బెంగళూరు ఐఐఎస్‌సీ అనంతనారాయణ్ కూడా ఉన్నారు.

ప్రయోగాలవాళ్ల దగ్గర అప్పటికి ఉన్న సరుకు 1977 నాటిది. పయాన్లుగా విరిగే కేయాన్ అనే బరువైన కణం విచ్ఛిత్తులు ముప్ఫై వేలు, విలువ 0.26, తేడా 0.05. ఆ తేడాలో ఎవరి సిద్ధాంతమైనా ఇమిడిపోతుంది. ఫ్రాన్సులో కొందరు అసలు మీ మొదటి వరస ఊహే తప్పేమో అన్నారు. అప్పుడు అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో నాలుగు లక్షల విచ్ఛిత్తులు పోగుచేశారు. సెర్న్‌లో ఎన్‌ఏ48/2 అనే ప్రయోగంవాళ్లు పది లక్షలు దాటించారు. వచ్చిన జవాబు 0.221.

అదే ఎన్‌ఏ48/2 దగ్గర జరిగిన ఇంకో చిత్రం మాకు మరీ ఇష్టం. కేయాన్ విరిగి ఒక ధనావేశ పయాన్, రెండు తటస్థ పయాన్లు వస్తాయి. తటస్థ పయాన్లు రెండూ నాలుగు ఫోటాన్లుగా మారి ద్రవ క్రిప్టాన్ నింపిన డిటెక్టర్‌లో పడతాయి. వాటి శక్తులు కలిపి జంట ద్రవ్యరాశి లెక్కగట్టి, కోట్ల ఘటనలకు గ్రాఫ్ గీస్తే నున్నగా పోవాల్సిన గీత 279 ఎంఈవీ (మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, కణాల బరువుకూ శక్తికీ వాడే కొలమానం) దగ్గర చటుక్కున వంకర తిరిగింది. 279 అంటే రెండు ఆవేశ పయాన్ల బరువు. అదే కేయాన్ మూడు ఆవేశ పయాన్లుగా కూడా విరుగుతుంది. అందులోని ప్లస్సూ మైనస్సూ ఆ గుమ్మం దగ్గర తాకి రెండు తటస్థాలుగా మారి ఈ లెక్కలోకి చొరబడుతున్నాయి. 2004లో కబిబ్బో ఈ మర్మం విప్పి చెప్పాడు. ఆ వంకరే కొలబద్ద అయింది. పయాన్లను ఎదురెదురుగా కొట్టకుండానే అవి ఎంత చెదురుతాయో ఒక గీతలోని మడత చెప్పింది, అది కూడా మీవాళ్ల జోస్యానికి దగ్గరగా. చప్పట్లు.

చప్పట్లు అయ్యాయి కనుక మళ్లీ ఫిర్యాదులకు వద్దాం.

1990లో వైన్‌బర్గ్ ఇదే మంత్రాన్ని కేంద్రకాల మీద కూడా చదివాడు. రెండు న్యూక్లియాన్ల (ప్రోటాన్, న్యూట్రాన్‌ల ఉమ్మడి పేరు) మధ్య బలానికి మీ శాఖలో మొదట ఇద్దరు, తర్వాత ఏడుగురు, ఆ పైన పదిహేను మంది, వెరసి 24. మర్యాదస్తుడైన ఎల్‌ఈసీ (లో ఎనర్జీ కాన్‌స్టెంట్) అంటే కొలమానాలన్నీ తీసేశాక ఒకటికి అటూ ఇటూగా ఉండాలని మీ కుల కట్టుబాటు. మొదటి ఇద్దరే ఆ కట్టుబాటు తెంచేశారు. పయాన్ చెయ్యి చాపగలిగేది 1.4 ఫెర్మీలు (కేంద్రకాల లోపలి దూరాలకు వాడే కొలమానం). న్యూట్రాన్ ప్రోటాన్‌ను తాకితే ఒక స్థితిలో చెదురు పొడవు మైనస్ 23.7 ఫెర్మీలు వస్తోంది. ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ జంట అయిన డ్యూటెరాన్‌ను కట్టిపడేసే శక్తి 2.2 ఎంఈవీ, దాని లోపలి ప్రోటాన్ బరువేమో 938. ప్రకృతి ఇంత కచ్చితంగా అంచు మీద ఎందుకు నిలబడిందో మీరు చెప్పరు. అంకె మాత్రం సర్దుకుంటారు.

అక్కడి నుంచి మొదలైంది మీ ఇంటి గొడవ. ఏ పదం ఏ వరసలో కూర్చోవాలన్నది తగువు. 1998లో కప్లాన్, సావేజ్, వైజ్ కొత్త పంక్తి వేశారు. కొన్ని చోట్ల ఆ లెక్క కుదురుకోనే లేదు. 2005 నాటికి పాత పంక్తిలోనూ కటాఫ్ పెంచితే జవాబులు ఊగుతున్నాయని తేలింది. కటాఫ్ అంటే ఇంతకుమించిన శక్తుల గురించి మాట్లాడం అని గీసుకునే గీత. 2003లో ఎంటెమ్, మాక్‌లైట్ ఇచ్చిన పేరుమోసిన పొటెన్షియల్‌లో (న్యూక్లియాన్ల మధ్య బలాన్ని చెప్పే సూత్రంలో) ఆ గీత 500 ఎంఈవీ దగ్గరుంది. 500 ఎందుకూ అని అడిగితే 450కీ, 550కీ కూడా చేశాం, పెద్ద తేడా లేదు అంటారు. 5000 దగ్గర చెయ్యండి అంటే టీ తాగొద్దాం పదండి అంటారు. ఈ తగువు ఇప్పటికీ తెగలేదు.

ఇంకొకటి. మీ విలువెంత అని అడిగితే, ఏ మ్యూ దగ్గర అని ఎదురు ప్రశ్న వేస్తారు. మ్యూ అంటే లెక్క కోసం మనమే ఎంచుకునే శక్తి మెట్టు. సరే 770 ఎంఈవీ అనుకుందామంటారు. ఆ 770 ఎవరిది? పయాన్ కంటే బరువైన రో మెసాన్ అనే కణం బరువు. 1989లో ఎకర్, గాసర్, పిక్, డి రఫాయెల్ కలిసి మీ ముసుగు లాగారు. మీలో చాలామంది విలువలు రో లాంటి బరువైన మెసాన్ల చలవే అని తేల్చారు. ఎల్-9 గారైతే దాదాపు మొత్తం రో గారే. జీ-ఎఫ్ గారి వెనక డబ్ల్యూ ఉన్నట్టే మీ వెనకా మనుషులున్నారు. కాకపోతే ఆయన్ను ఎవరూ నంబర్లు వేసి పదిమందిగా చెయ్యలేదు.

మా అసలు బాధ ఇదీ. ఎక్కడిదాకా నమ్మాలో ముందే చెప్పడం మీ ఇంటి ఆస్తి. ఆ మాట చెప్పినవాడికి ప్రయోగంలో దొరికే అంకెల కంటే తక్కువ అంకెలు చేతిలో ఉండాలి. పయాన్ల దగ్గర అలాగే ఉంది, అందుకే 0.220 జోస్యమైంది. అంకెలు డేటాను మించిపోయిన చోట ఆ నిజాయితీయే సాకు అవుతుంది. పేపరు చివర తేడా ఎంతో రాసేది రాసినవాడే. వదిలేసిన వరస ఇంతకంటే పెద్దది కాదులే అని అంచనా వేసేదీ అతనే. పరీక్షా పేపరూ, దిద్దుబాటూ ఒకే చేతిలో.

కాబట్టి పదిమందినీ ఒకేసారి నిలదియ్యం. రెండు క్వార్కుల శాఖలోని చిన్న ఎల్-7 గారి దగ్గర మొదలుపెడతాం. ఆవేశ పయాన్, తటస్థ పయాన్ కంటే 4.6 ఎంఈవీ బరువు. అందులో సింహభాగం విద్యుదయస్కాంత బలానిది. అప్, డౌన్ క్వార్కుల బరువుల తేడా వల్ల వచ్చే ఇసుమంతే తమ వాటా. ఆ ఇసుమంత ఎంతో సూపర్ కంప్యూటర్ల మీద లాటిస్ లెక్కలు (స్థలకాలాలను గళ్లుగా కోసి చేసే క్యూసీడీ లెక్కలు) చేసి అడిగినా, విలువలో సగం దాకా తేడా చూపించి పంపేస్తున్నారు. మిగతావారికి మ్యూ అనే అడ్డం ఉంది. తమరి విలువ మ్యూతో మారదని గాసర్, లాయిట్‌వైలర్లు 1984లోనే రాసిపెట్టారు. ఆ సాకు మీ దగ్గర చెల్లదు. ఒక అంకె, దాని తేడా, ఆ తేడా ఎవరు కట్టారో వారి పేరుతో తిరుగు టపాలో పంపగలరు.

ఇట్లు,
మీ విలువల కోసం ఎదురుచూసే పాఠకుడు