మరుగుదొడ్డి మరుగున ఓ ప్రధాని

పోలండ్ పల్లెల్లో పెరట్లో చెక్కలతో కట్టుకునే మరుగుదొడ్డిని స్వావోయ్కా అంటారు. ఒక గుంట, నాలుగు పలకలు, చాలాచోట్ల తలుపుకు గుండె ఆకారంలో కోసిన కన్నం. ఆ పేరు ఒక ప్రధానిది. జనరల్ ఫెలీత్సియన్ స్వావోయ్ స్క్వాద్‌కోవ్‌స్కీ 1936 మే నుంచి 1939 సెప్టెంబరు దాకా ఆ దేశాన్ని నడిపాడు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య అంతకాలం ఆ కుర్చీలో ఉన్నవారు మరొకరు లేరు. నాయకుల పేర్లు వీధులకు, విమానాశ్రయాలకు పెట్టడం మనకు మామూలే. ఈయన పేరు మాత్రం పెరటి దొడ్డికి మిగిలింది.

అది వెక్కిరింతగా పుట్టిన పేరు. మమ్మల్ని అడిగితే, ఆయన చేసిన మంచి పనుల్లో ముందు చెప్పుకోవలసింది ఆ దొడ్డే. నవ్వాల్సినచోట నవ్వకుండా, మెచ్చుకోవాల్సినచోట నవ్వారు.

స్క్వాద్‌కోవ్‌స్కీ చదివింది వైద్యం. 1885లో రష్యా జార్ ఏలుబడిలోని పోలండ్‌లో పుట్టి, క్రాకొవ్‌లో డాక్టరయ్యాడు. 1914లో పోలండ్ స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న యోజెఫ్ పిల్సుద్‌స్కీ సైనిక దళాల్లో చేరాడు. 1917లో జర్మన్లు కోరిన విధేయత ప్రమాణం చేయననడంతో నిర్బంధ శిబిరం పాలయ్యాడు. స్వతంత్ర పోలండ్‌లో సైనిక వైద్య విభాగానికి అధిపతి అయ్యాడు. యుద్ధం ముగిసీ ముగియగానే టైఫస్ ఆ దేశాన్ని ఊపేసింది. పేలు, మురికి, కలుషితమైన బావి నీళ్లు తుపాకీకి తీసిపోకుండా మనుషుల్ని చంపుతాయని అలాంటి డాక్టరుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

1926 మేలో పిల్సుద్‌స్కీ సైన్యంతో వచ్చి ప్రభుత్వాన్ని కూలదోశాడు. ఆ ఏడాది చివరికల్లా మన డాక్టరు హోంమంత్రి. 1928లో పారిశుధ్య నిబంధనలు వచ్చాయి. ప్రతి ఇంటికీ దొడ్డి ఉండాలి, లేకపోతే జరిమానా. దడులకు సున్నం వేయాలి. చెప్పాపెట్టకుండా మంత్రే తనిఖీకి దిగేవాడు. చేతిలో పైసా లేని రైతుకు ఇది ఒళ్లు మండే సంగతే. తనిఖీ కోసం కట్టి, తాళం వేసి ఉంచినవాళ్లూ ఉన్నారంటారు. పథకం డబ్బులతో కట్టిన దొడ్లో పిడకలు దాచుకున్న మన ఊళ్లను చూసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. అయినా ఆ గుంటల వల్ల బావులు కొంతైనా బాగుపడ్డాయి. అంతమేరకు డాక్టరుదే పైచేయి.

అదే చేయి ఇంకేం చేసిందో కూడా చూడాలి. 1928 మార్చిలో పార్లమెంటు తొలిరోజున పిల్సుద్‌స్కీకి వ్యతిరేకంగా కమ్యూనిస్టు సభ్యులు నినాదాలు చేస్తే, ఈ హోంమంత్రే పోలీసులను సభలోకి తీసుకొచ్చి వాళ్లను బయటికి లాగించాడు. 1930 సెప్టెంబరులో ఎన్నికల ముందు ప్రతిపక్ష నేతలను అర్ధరాత్రి ఇళ్లనుంచి పట్టుకెళ్లి బ్రెస్ట్ కోటలో పడేశారు. మూడుసార్లు ప్రధానిగా చేసిన రైతు నాయకుడు విన్‌త్సెంతి వీతోస్ వాళ్లలో ఒకడు. అక్కడ కొట్టారు, పస్తులు పెట్టారు, కక్కసులు కడిగించారు. ఇంటికో దొడ్డి కట్టించిన ప్రభుత్వం కింద మాజీ ప్రధానికి జరిగిన మర్యాద ఇది.

అదే శరత్కాలంలో, అప్పట్లో పోలండ్ కింద ఉన్న తూర్పు గలీషియాలోని (ఇప్పటి పశ్చిమ ఉక్రెయిన్) ఉక్రేనియన్ పల్లెల మీదికి పోలీసులు, అశ్వికదళం వెళ్లాయి. పోలిష్ భూస్వాముల ఎస్టేట్లను తగలబెట్టింది కొందరైతే, దెబ్బలు తిన్నది ఊళ్లకు ఊళ్లు. సహకార దుకాణాలు, పఠన మందిరాలు ధ్వంసమయ్యాయి.

ప్రధాని అయ్యాక 1936 జూన్‌లో, యూదుల దుకాణాలను వెలివేయాలన్న గోల మధ్య పార్లమెంటులో ఒక మాటన్నాడు: ఆర్థిక పోరాటమా, కానివ్వండి, హాని మాత్రం వద్దు. పోలిష్‌లో ఆ 'కానివ్వండి' ఒకే మాట, 'ఓవ్‌షెమ్'. వెలివేసేవాళ్లకు ఆ ఒక్క మాట చాలు, మిగతా వాక్యం ఎవరికి కావాలి? మరుసటి ఏడాది విశ్వవిద్యాలయాల్లో యూదు విద్యార్థులకు వేరు బల్లలు వచ్చాయి. 1937 ఆగస్టు రైతు సమ్మెలో పోలీసుల చేతిలో 40 మందికి పైగా చనిపోయారు.

స్వయంగా దోచుకున్నాడని కాదు, విలాసాలు అంటగట్టడానికీ లేదు. పెద్దాయన చెప్పాడు, చేశాం అనే రకం. పిల్సుద్‌స్కీ పోయాక సైన్యాధిపతి అయిన రిద్జ్-స్మీగ్వీని రాష్ట్రపతి తర్వాత దేశంలో మొదటి వ్యక్తిగా గౌరవించాలని అధికారులకు సర్క్యులర్ పంపించాడంటే ఆ స్వభావం తెలుస్తుంది. సెల్యూట్ కొట్టడానికి ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి.

1939 సెప్టెంబరు 17న రష్యన్లు తూర్పు నుంచి చొరబడగానే రుమేనియాకు దాటాడు. తర్వాత తుర్కియే, పాలస్తీనా, చివరికి లండన్. 1962లో అక్కడే చనిపోయాడు.

స్వావోయ్కా చూడాలంటే పోలండ్‌లోని ఆరుబయలు మ్యూజియంలకు వెళ్తే చాలు, జాగ్రత్తగా దాచిపెట్టారు. వీతోస్‌ను ఉంచిన బ్రెస్ట్ కోట ఇప్పుడు బెలారుస్‌లో ఉంది. అక్కడికి వెళ్లినవాళ్లకు 1941లో జర్మన్లను ఎదిరించిన సోవియట్ సైనికుల వీరగాథ చెబుతారు.