రెయిలింగును చూసి మురిసిపోయిన డిజిటల్ కవల గారికి

మహారాజశ్రీ డిజిటల్ కవల గారి సముఖానికి,

మా పంపుకు సెన్సార్ల సమాచారంతో కంప్యూటర్లో నడిచే నకలైన తమరికి, పంప్ హౌస్ నుంచి మెయింటెనెన్స్ ఇంజనీరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి చేతులు రావడం లేదు. ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే.

మొన్న శనివారం మధ్యాహ్నం రెండు నలభైకి కూలింగ్ వాటర్ పంపు బేరింగు కాలిపోయింది. షాఫ్టు బిగుసుకుంది, మోటారు ట్రిప్పయింది, దాని వెనకాలే ప్లాంటంతా ఆగింది. స్టాండ్‌బై పంపు ఉంది కదా అంటారేమో. షాఫ్టు పక్కనుంచి నీళ్లు కారకుండా ఆపే దాని మెకానికల్ సీలు ఉగాదికి ముందే ఊడదీసి ఇంకో పంపుకు వేశాం, స్టోర్స్‌లో లేదు మరి. తమరి జాబితాలో మాత్రం అది నేటికీ "సిద్ధం".

గ్రీజు చేతులతోనే కంట్రోల్ రూముకు పరుగెత్తాను. గోడంత తెర మీద తమరి పంపు, అంచులకు బంగారు రంగు పూసుకుని, నిమిషానికి 1480 చుట్లు తిరుగుతోంది. ఆరోగ్య సూచిక 97. ఆ చల్లని గదిలో స్వెట్టరు వేసుకున్న కుర్రవాడు తెరనూ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇందులో బాగానే ఉందండీ సార్" అన్నాడు. తప్పు పంపుదన్నమాట. పావుగంటకోసారి సమాచారం అందుకునే తమరికి తోబుట్టువు పోయిన కబురు 2:45కి గానీ చేరలేదు.

తమరిని మాకు అంటగట్టడానికి వచ్చిన పెళ్లిచూపులనాడు తమవాళ్లు ఏకరువు పెట్టిన వంశచరిత్ర నాకింకా కంఠతా వచ్చు. 1970 ఏప్రిల్, అపోలో 13 నౌక, చంద్రుడి దారిలో పేలిన ఆక్సిజన్ ట్యాంకు, హ్యూస్టన్‌లో ఆ నౌకకు నకళ్లైన సిమ్యులేటర్లు. 2002లో మిషిగన్‌లో మైకేల్ గ్రీవ్స్ ఊహ, ఆ తర్వాత నాసాకు చెందిన జాన్ వికర్స్ పెట్టిన పేరు. విమానం ఇంజన్లకు కవల, సింగపూర్ నగరానికి కవల, మనిషి గుండెకూ కవల. 2024లో మన టెలికాం శాఖ కూడా "సంగం" పేరిట ఈ పని మొదలుపెట్టిందట. అమరావతి సంగతి ఇంకా ముచ్చట, అక్కడ నగరం లేవకముందే దాని కవల గురించి ప్రకటనలు వచ్చేశాయి. మా ఊళ్లో కవలలు నిమిషాల తేడాతో పుడతారు, తమరి వంశంలో బిడ్డకంటే కవలే ముందు.

ఇవన్నీ పోనిస్తాను. పంప్ హౌస్ కప్పు కారుతుంటే తమరి గదికి రెండో ఏసీ పెట్టించారు, దాన్నీ పోనిస్తాను. సెన్సారు సంగతి మాత్రం పోనివ్వలేను.

కాలిన బేరింగు విప్పడానికి ముందు, ప్రకంపనలు కొలిచే తమరి సెన్సారును జాగ్రత్తగా తీసి పక్కన పెడదామని ఫిట్టర్ వెతికాడు. బేరింగు మీద అది లేదు. వైరు పట్టుకుని వెళితే మెట్ల రెయిలింగు దగ్గర తేలింది. అయస్కాంతంతో చక్కగా అతుక్కుని, ఒంటినిండా పసుపు రంగు పూసుకుని ఉంది. మార్చిలో రంగులు వేసినవాళ్లు అడ్డంగా ఉందని తీసి అక్కడ అంటించారు. ఆ రంగులు వేయించింది కూడా తమరిని చూడటానికి వచ్చే అతిథుల కోసమే.

అంటే మూడు నెలలుగా తమరు మాకు రెయిలింగు ఆరోగ్యం చెబుతున్నారు.

ఒక్క పూటలో ప్రకంపనలు సెకనుకు 3.8 మిల్లీమీటర్ల నుంచి 0.4కు పడిపోయాయి. పదకొండేళ్ల పంపు రాత్రికి రాత్రి పడుచుదైంది. "డిజిటల్ కవల రాకతో గణనీయమైన మెరుగుదల" అని నెలవారీ నివేదికలో రాశారు. రోజూ ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి గీత కాస్త ఎగిరేది. అది లోడు హెచ్చుతగ్గుల ప్రభావమని సలహాదారులు నాలుగు స్లైడ్లలో వివరించారు. లోడు కాదండీ, షిఫ్టు మారేటప్పుడు జనం మెట్లెక్కి దిగడం. ఆ నివేదిక మీద నేనూ సంతకం పెట్టాను. దానికి ఉత్తమ విశ్వసనీయత షీల్డు వచ్చింది. వేదిక మీద నేనే అందుకున్నాను.

ఇక మర్యాదలు చాలు. ఒక్క పూటలో ఇనుముకు జబ్బు నయమైతే నీకు అనుమానం రాలేదా? నాకు రాలేదంటే అర్థముంది, నేను మనిషిని, షీల్డు వస్తోందని తెలిసినవాణ్ణి. నీకేం రోగం? అపోలోలో పైనున్నవాళ్లు ఏ మీటరు ఎంత చూపిస్తోందో రేడియోలో చెబుతుంటే, కింద సిమ్యులేటర్లను ఆ స్థితికి తెచ్చి దారి వెతికారు. జర్మన్ మీజిల్స్ సోకుతుందేమోనన్న భయంతో ప్రయాణం తప్పించిన వ్యోమగామి కెన్ మాటింగ్లీయే వచ్చి ఆ వెతుకులాటలో చెయ్యి కలిపాడు. ఇక్కడ నీళ్లు తోసే చక్రం, ఇంపెల్లరు మార్చినా, సీలు పీకినా నీకు చెప్పే దిక్కు లేదు, నువ్వు అడిగిందీ లేదు. సమాచారం ఒకవైపే పారితే దాన్ని కవల అనరట, డిజిటల్ నీడ అంటారట. నీడైనా వస్తువును వదిలిపోదు కదా! నువ్వు మెట్ల రెయిలింగు నీడవి.

ఆదివారం కొత్త బేరింగు వేసి, రంగు గీకి, సెన్సారును దాని చోట నేనే పెట్టాను. బుధవారం రాత్రి పదకొండింటికి నువ్వు ఎర్రబడ్డావు. నమ్మలేదు. వెళ్లి బేరింగు మీద చెయ్యి వేస్తే వేడి లేదు, శబ్దమూ తేడాగా లేదు. అయినా ప్రకంపనల గీతలో, తిరిగే వేగానికి రెట్టింపు దగ్గర ఒక చిన్న ముల్లు లేచిందని చూపిస్తూనే ఉన్నావు. ఫిట్టర్ స్క్రూడ్రైవరు కొనను బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. "ఏమీ లేదు సార్" అన్నాడు. పొద్దున మోటారునూ పంపునూ కలిపే కప్లింగు విప్పి చూస్తే రెండు షాఫ్టుల అలైన్‌మెంటు పక్కకు జరిగి ఉంది.

సరే. నువ్వు చెప్పిందే నిజం. ఫిట్టర్‌కు ఆ మాట నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఇట్లు,
నీ తోబుట్టువుకు మందూ మాకూ చూసేవాడు

తా.క.: స్టాండ్‌బై పంపు సీలుకు మూడు కొటేషన్లు కావాలన్నారు, రెండు వచ్చాయి. షీల్డును ఆఫీసు అద్దాల బీరువాలోంచి తీసి రెయిలింగుకు తగిలిస్తానని అడిగాను. దానికీ పైనుంచి అనుమతి రావాలట.