మీరు పంపుతున్న ‘రాక్షస బొద్దింక’ సంగతి

జువాలజీ చదివిన పాపానికి ఆ మెసేజ్ అందరూ నాకే పంపుతున్నారు. ‘‘వియత్నాం సముద్రంలో రేడియేషన్ వల్ల రాక్షస బొద్దింక పుట్టింది. మనుషుల్ని కొరుకుతుంది. ఐదేళ్లు తిండి లేకుండా బతుకుతుంది. దీని పిల్లలు తిరుపతి మార్కెట్‌లో చేపల మొప్పల్లో దొరుకుతున్నాయి, చేపలు కొనకండి.’’ కింద ఎర్ర అక్షరాలతో ‘డాక్టర్లు చెప్పారు’ అని. ఏ డాక్టరో మాత్రం లేదు.

అది బొద్దింక కాదు, ఏడు జతల కాళ్లున్న ఐసోపాడ్. రొయ్యలు, పీతల వైపు చుట్టం. పూలకుండీ ఎత్తితే ఉండ చుట్టుకునే బూడిదరంగు పురుగు కూడా ఈ వర్గానిదే. ఇక రేడియేషన్ అంటారా, బాతినోమస్ అనే ఈ రాక్షస ఐసోపాడ్ల గుంపులో ఒక జాతి అయిన జైగాంటియస్‌కు 1879లోనే పేరు పెట్టారు. బెకెరెల్ రేడియోధార్మికతను కనిపెట్టింది 1896లో. పాపం, ముందే తెలుసుకుని పెరిగినట్టుంది!

కొరకడం గురించి: అది ఉండేది వందల మీటర్ల లోతున, సముద్రం అడుగుకు పడిన కళేబరాలు తింటూ. మీరు కపిలతీర్థం మెట్ల మీద కూర్చుని టెన్షన్ పడక్కర్లేదు.

ఫొటో చూసి ‘ఇది ఫలానా జాతి’ అనేస్తున్నారు. వియత్నాం దాన్ని 2025లో బాతినోమస్ వేడరైగా వర్ణించారు, కొత్త జాతే. కానీ జాతి తేల్చాలంటే తోక పలక అంచున ముళ్లు ఎన్ని, తిన్నగా ఉన్నాయా పైకి వంగాయా, మీసాలు ఎంత పొడవు, ఇవన్నీ చేతిలో పట్టుకుని చూడాలి. ఒక్కోసారి అదీ చాలదు. మెక్సికోలోని యుకటాన్ తీరం దగ్గర పట్టి జపాన్ ఆక్వేరియంలో ఉంచినదాన్ని జైగాంటియస్ అనే అనుకున్నారు. ముళ్ల సంఖ్య ఒకటే మరి. ఒళ్లు సన్నగా, మీసాలు పొడవుగా ఉండటం గమనించి, జన్యువులు కూడా పోల్చాకే 2022లో యుకటానెన్సిస్ అని వేరు చేశారు. మీరేమో ఫోన్‌లో రెండు వేళ్లతో జూమ్ చేసి తేల్చేశారు.

అసలు నాకు ఒళ్లు మండేది చివరి మాట. కానాగంతల మొప్పల్లో అప్పుడప్పుడు కనిపించే పురుగు కూడా ఐసోపాడే, నిజం. కానీ అది సైమోథోయిడే కుటుంబం, చేపను పట్టుకుని బతికే పరాన్నజీవి. కాళ్ల చివర కొక్కేల్లాంటి గోళ్లు చూడండి, అవి చేపకు అతుక్కోవడానికే. బాతినోమస్ పిల్లలు తల్లి పొట్ట కింది సంచిలోంచి బయటపడేటప్పటికే, జైగాంటియస్‌లో అయితే దాదాపు ఆరు సెంటీమీటర్లుంటాయి. మీ వీడియోలోని పురుగు, అరచేతిలో పెట్టి చూపించినది, అందులో సగం కూడా లేదు. అంటే పుట్టాక పిల్ల కుంచించుకుపోయిందన్నమాట! శుభ్రంగా కడిగి, మొప్పలు తీసేసి వండుకుంటే మనకేమీ కాదు. ఇది నమ్మి జనం బేరం మానేస్తే, తెల్లవారుజామున నెల్లూరు వైపు నుంచి సరుకు దింపించుకున్న అమ్మ ఐస్ డబ్బులు ఎవరిస్తారు? మెసేజ్ రాసినాయన ఇస్తాడా?

ఐదేళ్ల ఉపవాసం మాత్రం నిజమే, ఒప్పుకుంటున్నాను. జపాన్‌లోని టోబా ఆక్వేరియంలో ఒకటి 2009 జనవరిలో చేప తిని, మళ్లీ ఏమీ ముట్టకుండా 2014 ఫిబ్రవరిలో చనిపోయింది.