ఫోల్డర్ పోయాక లాగ్ అడిగితే ఎక్కణ్ణించి తేను?

ఫైల్ సర్వర్లు చూసుకునే మాలాంటివాళ్లకి వచ్చే ఫోన్ ఒకటే: "ఆ ఫోల్డర్ ఎవరు లేపేశారో కాస్త చూసి చెప్పవయ్యా." ఎక్కడ చూడను సార్? ఆఫీసు ఫోల్డర్లని నెట్‌వర్క్‌లో అందరికీ షేర్ చేసే సాంబా సర్వర్ పెట్టినంత మాత్రాన ఎవరు ఏ ఫైలు ముట్టుకున్నారో అదే లాగ్‌లో, అంటే చిట్టాలో, రాసుకుంటూ కూర్చోదు, ఫుల్ ఆడిట్ అనే మాడ్యూల్ ఆన్ చేసి, ఏమేం రాయాలో మనమే చెప్పాలి. పోయినసారి చెప్తే "ఇప్పుడు అవన్నీ ఎందుకులే" అన్నది ఎవరు?

పైగా ఆ ఫోన్ చేసిన ఆఫీసులో పదిహేను మందికి ఒకటే లాగిన్, పాస్‌వర్డు ప్రింటర్ మీద చీటీ రాసి అంటించారు. అలాంటిచోట లాగ్ పెడితే ప్రతి లైనులోనూ అదే యూజర్ పేరు. ఐపీ చూస్తే ఏ సిస్టమో తెలుస్తుందేమో గానీ అప్పుడు దాని ముందు కూర్చున్నది ఎవరో ఎలా తెలుస్తుంది? అందుకే ముందు అందరికీ వేరు వేరు లాగిన్లు ఇచ్చా. రెండు రోజులు తిట్టుకున్నారు, తిట్టుకోనీ.

ఇక సెట్టింగు. కొత్తలో నేనూ అన్నీ రికార్డు చెయ్యమని 'ఆల్' పెట్టా. ఎవరైనా ఒక్క ఫోల్డర్ తెరిస్తే వందల లైన్లు, సాయంత్రానికి డిస్కు నిండిపోయింది. ఇప్పుడు అన్‌లింక్‌యాట్ (డిలీట్ చెయ్యడం), రీనేమ్‌యాట్ (పేరు మార్చడం, వేరే చోటికి జరపడం), ఎంకెడిర్‌యాట్ (కొత్త ఫోల్డర్ చెయ్యడం), ఈ మూడే పెడతా. చివర ఆ 'యాట్' లేని పాత పేర్లు ఎక్కడినుంచో కాపీ కొట్టి పెడితే కొత్త వెర్షన్లు ఒప్పుకోవు. లాగ్‌ని సిస్‌లాగ్‌లో (సర్వర్‌లో లాగ్‌లు రాసే సర్వీసు) వేరే ఫైలుకి మళ్లించి, ఒక కాపీ ఇంకో మెషీన్‌కి పంపుతా, లేకపోతే సర్వర్ అడ్మినే చెరిపేసినా దిక్కుండదు. విండోస్ సర్వర్ వాళ్ల బాధ ఇంకోరకం, డిలీట్ అయిందని చెప్పే 4660 నంబరు ఈవెంట్‌లో (లాగ్ ఎంట్రీలో) ఫైలు పేరే ఉండదు, హ్యాండిల్ ఐడీ (తెరిచిన ఫైలుకి సిస్టమ్ ఇచ్చే నంబరు) పట్టుకుని 4663 నంబరు ఈవెంట్లలో వెతుక్కోవాలి.

సరే, పెట్టిన రెండు వారాలకే మళ్లీ ఫోన్, కొటేషన్ల ఫోల్డర్ మాయమైందట. అన్‌లింక్‌యాట్ అని వెతికితే ఒక్క లైనూ లేదు. రీనేమ్‌యాట్‌లో దొరికింది. ఎవరో మౌస్ జారి పక్క ఫోల్డర్‌లోకి లాగి వదిలేశారు, అక్కడే భద్రంగా ఉంది. నేను చూసిన "డిలీట్" గొడవల్లో చాలా వరకు ఇవే. ఉన్నచోటు చెప్పా, తీసుకున్నారు, అంతా బానే ఉంది అనుకుంటే ఓనర్ గారు "ఇంతకీ లాగింది ఎవరు?" అన్నారు. పేరు లాగ్‌లో ఉంది, చెప్పక తప్పలేదు. వెంటనే ఆ కుర్రాణ్ణి రూములోకి పిలిపించారు. ఫోల్డర్ దొరికింది కదండీ, ఇంకా దేనికి?