లైక్రా సాక్షిగా

ఆదివారం పదకొండు గంటలకు మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో మూడో అంతస్తు కుర్రాడు ఎక్కాడు. నల్ల జాగర్స్, ఒంటికి అతుక్కున్న డ్రై ఫిట్ టీషర్టు, అడుగులు లెక్కపెట్టే వాచీ, చూడగానే పరుగెత్తాలనిపించే బూట్లు. మెడలో చిన్న టవల్ కూడా ఉంది. సెలవు రోజున కూడా ఎంత నిష్ఠ అని ముచ్చటేసి, "జిమ్‌కా బాబూ?" అని అడిగాను.

"లేదంకుల్, బిర్యానీకి" అన్నాడు.

తడబాటు లేదు, దాపరికం లేదు. "అవునంకుల్" అని అబద్ధమాడి ఉంటే నా దారిన నేను పోయేవాణ్ని. ఇంత నిజం ముఖం మీదే చెప్పాక పెద్దమనిషన్నవాడు ఎలా ఊరుకుంటాడు? జిమ్ బట్టలు వేసుకుని జిమ్‌కు తప్ప అన్ని చోట్లకూ వెళ్లడం ధర్మమా, అధర్మమా అని నాలుగు రోజులు ఆఫీసు పని పక్కన పెట్టి మరీ ఆలోచించాను. పని ఆగిన సంగతి ఆఫీసులో ఎవరూ గమనించలేదు కాబట్టి తీరిగ్గానే ఆలోచించాను.

మనది బట్టను బట్టి మనిషి పని చెప్పే దేశం. ఖాకీ అయితే కండక్టరు, నల్లకోటు అయితే ప్లీడరు, గంజిపెట్టిన తెల్లచొక్కా తెల్లప్యాంటు అయితే రాజకీయం, లేదా రియల్ ఎస్టేటు, చాలాసార్లు రెండూ. కార్తీకంలో నల్లబట్టలు కనబడితే వయసుతో పనిలేకుండా 'స్వామీ' అంటాం. నిన్నటిదాకా మన కిటికీ అద్దం పగలగొట్టిన ఆరో తరగతి పిల్లాడైనా సరే, మాల వేసుకుంటే స్వామే. ఆ నల్లబట్టల వెనక 41 రోజుల కటికనేల పడక, చన్నీళ్ల స్నానం, నోటి కట్టడి ఉన్నాయని మన నమ్మకం. అలాంటి స్వామి సందు చివర చికెన్ పకోడీ బండి దగ్గర కనబడితే పది నిమిషాల్లో గురుస్వామికి పది ఫోన్లు వెళతాయి. మరి చెమట దీక్షకు గుర్తుగా నల్ల జాగర్స్ వేసుకున్న స్వామి అదే బండి దగ్గర నిలబడి "అన్నా, ఉల్లిపాయలు ఇంకొంచెం" అంటుంటే ఎవరికి ఫోన్ చేయాలి? ట్రైనరుకు చేద్దామంటే, ఆయన ఈ శిష్యుడి ముఖం చూసి ఆర్నెల్లయింది.

ఈ దీక్షకూ ఒక కాలం ఉంది. జనవరి 1న మొదలవుతుంది. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు కాబట్టి ఒకేసారి కడతారు. భోగి దాకా నియమం గట్టిగానే సాగుతుంది. సంక్రాంతికి ఊరు వెళ్లాక అరిసెలు చూసి కొంచెం సడలుతుంది. కనుమ నాడు మినుము తినాలని పెద్దలు చెప్పనే చెప్పారు కదా, గారెలు, కోడికూరతో దీక్ష విరమణ అయిపోతుంది. మాల తీసేశాక నల్లబట్టలు మడిచి పెట్టెలో పెట్టేస్తారు. వీళ్లు మాత్రం డిసెంబరు 31 దాకా ఒంటి మీదే ఉంచుకుంటారు. ఇంత డబ్బు పోసి కొన్నాం, ఎక్కడో ఒకచోట వాడాలి కదా అంటారు. పట్టుచీర కొన్నాక ఎవరూ పెళ్లికి పిలవకపోతే దాన్ని కట్టుకుని వంట చేస్తామా? (మా పెద్దత్తయ్య చేసేది. అది వేరే కథ.)

ఇక ఈ బట్ట పుట్టుపూర్వోత్తరాలు. సాగే గుణమంతా లైక్రాది. 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో పనిచేసే జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ దారాన్ని కనిపెట్టాడు. అప్పట్లో అక్కడి ఆడవాళ్లు నడుము సన్నగా కనబడాలని గౌను లోపల రబ్బరుతో చేసిన బిగుతు తొడుగులు వేసుకునేవారు. ఆ రబ్బరు స్థానంలో హాయిగా ఉండే దారం ఏదైనా కావాలని చేసిన ప్రయత్నంలోంచి వచ్చింది లైక్రా. అంటే పొట్టను లోపలికి నొక్కి పట్టడం కోసం పుట్టిన దారమన్నమాట. ఇవాళ అదే దారాన్ని నమ్ముకుని పొట్ట తనకు నచ్చినంత దూరం వెళుతోంది. కంచే చేను మేయడమంటే ఇదే. దాని పొడవుకు ఐదు రెట్లు లాగినా సాగుతుందట, వదిలేస్తే మళ్లీ మొదటి కొలతకు వచ్చేస్తుందట. మనిషికి మొదటి గుణం ఉంది గానీ రెండోది లేదు.

బెల్టు అలా కాదు. బెల్టు పాతకాలపు ఆర్.ఎం.పి. డాక్టరు లాంటిది, ముఖం మీదే చెప్పేస్తుంది. ఉన్నవి ఐదే రంధ్రాలు. మూడోదాని నుంచి నాలుగోదానికి మారిన రోజు ప్రతి మగవాడికీ పెళ్లిరోజు కంటే బాగా గుర్తుంటుంది. స్కానింగులు రాయదు, ఫీజు అడగదు, పొద్దున్నే ఊపిరి బిగబట్టిన చప్పుడే రిపోర్టు. ఎలాస్టిక్ మాత్రం పెద్దసారు పక్కన ఫైళ్లు పట్టుకుని నిలబడే గుమాస్తా లాంటిది. "ఏం పర్లేదు సార్, ఇంకా చోటుంది సార్" అంటూనే ఉంటుంది. షుగర్ టెస్టు కాగితం చేతికొచ్చిన రోజున కూడా అదే మాట.

మనకు మాత్రం జిమ్‌లు లేవా? తాలింఖానాలు ఉండేవి. గోచీ బిగించి దండీలు, బస్కీలు తీసేవాళ్లు. వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడుగారు ఏకంగా ఏనుగును గుండెల మీద నిలబెట్టుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటాం. కానీ వస్తాదన్నవాడు సాము అయ్యాక ఒళ్లు తుడుచుకుని, పంచె కట్టుకున్నాకే బజారుకు వచ్చేవాడు. కసరత్తు బట్టలతో కూరగాయలకు వెళ్లినా తప్పులేదనే సిద్ధాంతం ఆ రోజుల్లోనే అమల్లో ఉండి ఉంటే మన రైతుబజార్లు ఎలా ఉండేవో ఒక్కసారి ఊహించండి. వద్దు, ఊహించకండి.

ట్రాక్ సూట్ సంగతి కూడా చెప్పాలి. బూట్లు కుట్టుకుని బతుకుతున్న అడిడాస్ కంపెనీ 1967లో మొదటిసారి బట్టల్లోకి దిగి, జర్మనీ ఫుట్‌బాల్ ఆటగాడు ఫ్రాంజ్ బెకెన్‌బాయర్ పేరు మీద మూడు గీతల ట్రాక్ సూట్ చేసింది. మన ఫుట్‌పాత్ మీదికి దిగేసరికి అవి నాలుగు గీతలయ్యాయి. గట్టిగా బేరమాడితే ఐదో గీత కొసరు.

ఇంతవరకు రాసి, ఇది అధర్మమేనని తీర్పు కూడా రాసేసి, మా ఆవిడకు చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నది. విని, "బాగానే ఉంది గానీ, ఇదంతా ఏం కట్టుకుని రాశారు?" అంది.

కిందికి చూసుకున్నాను. లుంగీ.

పొద్దున పాలప్యాకెట్టుకు వెళ్లింది అందులోనే. ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లింది, పక్కవీధిలో పరామర్శకు వెళ్లింది అందులోనే. రాత్రి పడుకునేదీ అందులోనే. లుంగీకి సమర్థన లేకపోలేదు. మోకాలి పైకి మడిచి కడితే పోట్లాట, కిందికి దించితే గౌరవం. బట్ట మార్చకుండా ఎత్తు మార్చి మర్యాద చూపించగల వస్త్రం ప్రపంచంలో ఇంకెక్కడుంది? ఈ మాట అంటే మా ఆవిడ, "పడుకునే బట్టతో పరామర్శకు వెళితే ధర్మం, పరుగెత్తే బట్టతో బిర్యానీకి వెళితే అధర్మమా?" అంది. ఆ ప్రశ్న వేసేటప్పుడు ఆవిడ నైటీలో ఉందన్న విషయం నేను గమనించాను గానీ, ఇరవై ఆరేళ్ల కాపురం నాకు కొంత నేర్పింది.

నైటీ మహాత్మ్యం మనకు కొత్త కాదు. పేరులో రాత్రి, డ్యూటీ పగలు. పైన చున్నీ వేస్తే కూరగాయల బండి దాకా చెల్లుతుంది. టవల్ వేస్తే గ్యాస్ సిలిండర్‌కు చాలు. చున్నీ వేసి పిన్నీసు పెడితే స్కూలు బస్సు దాకా, కాస్త ధైర్యం చేస్తే కిరాణా కొట్టు దాకా. దీన్ని అదుపు చేయాలని పెద్దలు ప్రయత్నించకపోలేదు. 2018లో అప్పటి పశ్చిమగోదావరి జిల్లా నిడమర్రు మండలం తోకలపల్లిలో ఊరి పెద్దలు కూర్చుని, పొద్దున 7 నుంచి రాత్రి 7 దాకా ఆడవాళ్లు నైటీ వేసుకోకూడదని కట్టడి పెట్టారు. తప్పితే 2,000 రూపాయల జరిమానా. పట్టించినవారికి 1,000 రూపాయల బహుమానం. దేశమంతా పత్రికల్లో వచ్చింది. ఆ సభలో కూర్చున్న పెద్దల్లో ఎందరు లుంగీలో ఉన్నారో మాత్రం ఏ పత్రికా రాయలేదు. విలేకరులకు ముఖ్యమైన వివరం ఏదో తెలియదు.

అసలు ఈ బట్టల న్యాయస్థానంలో ముద్దాయి ఎప్పుడూ ఆడదే, అదొక వింత. నల్ల లెగ్గింగ్ తీసుకోండి. పైన మోకాళ్ల దాకా కుర్తీ ఉంటే గుడికి పనికొస్తుంది, అత్తగారు కూడా "నిండుగా ఉందమ్మా" అంటుంది. అదే లెగ్గింగ్ మీద నడుము దాకా ఉండే టీషర్టు వేస్తే సంస్కృతికి ముప్పు. అంటే మన వేల ఏళ్ల సంస్కృతి సరిగ్గా జానెడు గుడ్డ మీద ఆధారపడి ఉంది. ఎదురు బ్లాకులో ఒకాయన ఈ జానెడు గురించి అసోసియేషన్ మీటింగులో అరగంట మాట్లాడారు. ఆ మీటింగుకు ఆయన వేసుకొచ్చింది బనీను, పైన భుజాన తువ్వాలు. ఉక్కపోస్తోందని మధ్యలో తువ్వాలు కూడా తీసేశారు.

ఈ పిచ్చి మనకే పరిమితమని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 2017 మార్చిలో అమెరికాలో డెన్వర్ విమానాశ్రయంలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్లు లెగ్గింగ్స్ వేసుకున్నారని ఇద్దరు అమ్మాయిల్ని విమానం ఎక్కనివ్వలేదు. కంపెనీ ఉద్యోగులకు, వాళ్ల ఆప్తులకు ఇచ్చే పాసు మీద ప్రయాణిస్తున్నారు కాబట్టి వాళ్లకు వేరే నియమమట. టిక్కెట్టు కొన్నవాళ్లు లెగ్గింగ్స్‌లో దర్జాగా వెళ్లొచ్చు. మన ఆర్టీసీలో పాసుతో ఎక్కినవాణ్ని కండక్టరు అదోలా చూస్తాడు గానీ, ప్యాంటు వైపు మాత్రం చూడడు. ఆ విషయంలో మనం ముందున్నాం.

అదే అమెరికా నుంచి మా మేనల్లుడు నాలుగేళ్ల తర్వాత వస్తున్నాడని ఒక జీపు నిండా శంషాబాద్ వెళ్లాం. మా బావ కొత్త సఫారీ కుట్టించుకున్నాడు, అక్క పట్టుచీర కట్టింది. గాజు తలుపులు తెరుచుకున్నాయి. ముడతల ట్రాక్ ప్యాంటు, టోపీ తగిలించిన బనీను లాంటిదేదో వేసుకుని ఒక అబ్బాయి ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. "పాపం, సామాన్లు మోసే కుర్రాడేమో, వాణ్ని అడుగుదాం" అని మా బావ ముందుకు నడిచాడు. నడిచి, కన్నకొడుకునే అడిగాడు. జీపులో దారి పొడవునా ఎవరూ మాట్లాడలేదు. షాద్‌నగర్ దాటాక అక్క మెల్లగా, "ఉద్యోగం ఉంది కదరా?" అంది.

ఆ అక్కే మరుసటి వేసవిలో డాలస్ వెళ్లి ఆర్నెల్లుండి వచ్చింది. ఫొటోలు పంపింది. వెంకటగిరి జరీ చీర, పైన కొడుకు స్వెట్టరు, కాళ్లకు తెల్ల స్పోర్ట్స్ షూ, కుచ్చిళ్లు బూటుకు అడ్డురాకుండా నాలుగు వేళ్లు పైకి. సాయంత్రం నడకకు ఆ వీధిలో తెలుగు అమ్మలందరిదీ అదే యూనిఫారమట. "పాదాలకు ఎంత సుఖంగా ఉందిరా తమ్ముడూ" అంది ఫోన్లో. చీరకు ఆ బూటు నప్పిందా లేదా అని నేను అడగలేదు. ముప్పై ఏళ్లు హవాయి చెప్పుల్లో వంటింట్లో నిలబడ్డ పాదాలు అవి.

సరే, ఇప్పుడు నా సంగతి. ఈ మధ్య డాక్టరుగారు రోజుకు నలభై నిమిషాలు నడవమన్నారు. నడకకు సరైన బట్టలుండాలి కదా అని ట్రాక్ ప్యాంటు, డ్రై ఫిట్ టీషర్టు, బూట్లు కొన్నాను. నడక ఇప్పటికి మూడుసార్లు జరిగింది. ప్యాంటు మాత్రం బ్యాంకుకు వెళ్లింది, కరెంటు ఆఫీసుకు వెళ్లింది, ఒక గృహప్రవేశంలో వెనక వరుసలో భోజనం చేసింది. ఎక్కడా ఎవరూ ఏమీ అనలేదు. పైగా "వాకింగ్ చేస్తున్నారా? మంచిది" అని గౌరవంగా చూశారు. ఆ కుర్రాడి బిర్యానీ రహస్యం నాకు అప్పుడు అర్థమైంది. చెమట చుక్క కార్చకుండా కసరత్తు చేసిన పుణ్యం దక్కుతుంటే ఎవడొద్దంటాడు?

ఇంతలో వచ్చే వారం పెళ్లి శుభలేఖ వచ్చింది. వియ్యాలవారి తరఫు, ట్రాక్ ప్యాంటు కుదరదు. మూడు నెలల తర్వాత ప్యాంటు, బెల్టు బయటికి తీశాను. ఎలాస్టిక్ ఇన్నాళ్లూ దాచిపెట్టిన వార్తలన్నీ బెల్టు ఒక్కసారిగా చదివింది. ఐదో రంధ్రం కూడా బకిల్‌కు అందలేదు.

సందు మొదట్లో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్లి, "బాబూ, దీనికి రెండు రంధ్రాలు పొడువు" అని బెల్టు చేతికిచ్చాను. ఇంతలో ఫోన్ మోగితే పక్కకు జరిగాను. తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. ఆయన నా బూట్లు చూసి, ట్రాక్ ప్యాంటు చూసి, టీషర్టు చూసి, రెండు రంధ్రాలూ బకిల్ వైపు పొడిచాడు. మొదటి రంధ్రానికి ఇవతల, అంటే నడుము తగ్గినవాళ్లకు.

"ఇప్పుడే వదులవుతోందన్నమాట" అన్నాడు నవ్వుతూ. "ఇంత కష్టపడుతున్నారు కదా సార్, ఇంకో రెండు నెలలకు మళ్లీ తెండి, మరో రెండు పొడుస్తా."

ఇరవై రూపాయలిచ్చి, థాంక్స్ చెప్పి, ఆయన చూస్తున్నంత మేరా కాస్త వేగంగా నడిచి వచ్చేశాను.