తాళం వేసిన బెంచీల ముందు

1782లో కేంబ్రిడ్జ్‌లోని హోలీ ట్రినిటీ చర్చికి 23 ఏళ్ల చార్లెస్ సిమియన్ కాపరిగా వచ్చాడు. సంఘస్థులకు అతను ఇష్టం లేదు. అక్కడే సహాయ పాస్టర్‌గా ఉన్న హామండ్ అనే ఆయన్ని వాళ్లు కోరుకున్నారు. బిషప్ మాత్రం సిమియన్‌కే ఇచ్చాడు. దాంతో సంఘస్థులు తమ బెంచీలకు తాళాలు వేసేశారు.

అప్పటి ఇంగ్లండు చర్చిల్లో బెంచీ అంటే చుట్టూ చెక్క గోడ, దానికి ఒక చిన్న తలుపు. ఒక్కో కుటుంబానికి ఒక్కో గడి. ఆ కుటుంబం రాకపోతే అది ఖాళీగా ఉండాల్సిందే, ఇంకెవరూ కూర్చోకూడదు. వినడానికి వచ్చినవాళ్లు నడిచే దారిలో నిలబడి విన్నారు. సిమియన్ సొంత డబ్బుతో బల్లలు చేయించి ఆ దారిలో వేయిస్తే చర్చి వార్డెన్లు వాటిని తీసి బయట పారేశారు. ఆదివారం మధ్యాహ్నం ప్రసంగానికి ఎవరిని పెట్టుకోవాలో నిర్ణయించే హక్కు సంఘానిదే. ఐదేళ్లు హామండ్‌కి, తర్వాత ఏడేళ్లు మరొకరికి ఇచ్చారు. పన్నెండేళ్లపాటు సొంత చర్చిలోనే సిమియన్‌కి మధ్యాహ్నపు పుల్పిట్ దక్కలేదు.

ఆ రోజుల్లో తనను తాను ఎలా ఓదార్చుకున్నాడో ఆయనే రాసుకున్నాడు. వచ్చిన సగం మందికి దేవుడు రెట్టింపు దీవెన ఇస్తే, చర్చి నిండినప్పుడు జరిగేంత మేలే జరుగుతుంది కదా అని. ఈ లెక్క చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ‘ప్రభువు దాసుడు జగడమాడకూడదు’ అని పౌలు తిమోతికి రాసిన మాటను ఆయన ఆ ఏళ్లన్నీ పట్టుకుని ఉన్నాడు.

మన సంఘాల్లో సాక్ష్యం అంటే మారుమనస్సు పొందిన రోజు కథ. సిమియన్‌కీ అలాంటి రోజు ఉంది. 1779లో కింగ్స్ కాలేజీలో చేరగానే ప్రభు భోజనంలో పాల్గొనడం తప్పనిసరి అన్నారు. తనకు ఆ అర్హత లేదని భయం పట్టుకుని వారాల తరబడి నలిగిపోయాడు. పూర్వం యూదులు బలిపశువు తలమీద పాపాన్ని మోపేవారని ఒక పుస్తకంలో చదివి, తన పాపాన్ని అలాగే క్రీస్తు మీద మోపవచ్చని గ్రహించి, ఈస్టర్ ఉదయం శాంతితో లేచాడు. ఆ ఉదయం నిజమే, గొప్పదే. కానీ ఆ విశ్వాసం ఎంత గట్టిదో నాకు తెలిసింది ఆ ఈస్టర్ కథ వల్ల కాదు, తాళాల కథ వల్ల.

సిమియన్ వదిలి వెళ్లిపోవచ్చు కూడా. ఇంగ్లండంతా తిరిగి ఆరుబయట ప్రసంగించే మెథడిస్టు బోధకులకు అప్పట్లో జనం విపరీతంగా వచ్చేవారు. ఆయన మాత్రం ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకాన్ని, ఆ ఒక్క చర్చిని విడవలేదు. 1836లో చనిపోయే దాకా 54 ఏళ్లు అక్కడే. మన దగ్గర కమిటీలో గొడవైతే పక్క వీధిలో కొత్త బోర్డు వెలుస్తుంది. అలా వెళ్లిన అందరిదీ తప్పని అనను. కానీ ఉండిపోవడం కూడా ఒక పరిచర్యేనని మన యువ పాస్టర్లకు ఎవరూ చెప్పడం లేదు.

పుట్టుకతో శాంతపరుడేమో అనుకుంటే పొరపాటు. మహా కోపిష్టి. ఒక స్నేహితుడి ఇంట్లో పనివాడు నిప్పు సరిగా ఎగదోయలేదని వీపు మీద కొట్టాడు. తర్వాత ఆ పనివాడికే ఉత్తరం రాసి, కింద ‘గర్విష్టి, ముక్కోపి చార్లెస్’ అని సంతకం పెట్టాడు. తెల్లవారుజామున 4 గంటలకే లేచి ప్రార్థన చేసిన మనిషి ఈయనే. ఆ ప్రార్థన ఎందుకు అవసరమైందో ఈ సంతకం చెబుతుంది.

ప్రసంగం విషయంలో ఆయన పట్టుదల ఒక్కటే: వాక్యంలో ఉన్నది బయటికి తీయాలి, మన ఆలోచనను అందులోకి దూర్చకూడదు. శుక్రవారాలు తన గదుల్లో విద్యార్థులకు టీ ఇచ్చి, వాళ్ల ప్రశ్నలకు జవాబులు చెప్పేవాడు. మొదట్లో ఆయన్ని వెక్కిరించిన యూనివర్సిటీ నుంచే తరాల తరాల పాస్టర్లు ఆ టీ బల్ల దగ్గర తయారయ్యారు. 2,536 ప్రసంగాల రూపురేఖలను 21 సంపుటాల్లో అచ్చు వేయించాడు.

ఒక విషయం మాత్రం నాకు మింగుడుపడదు. చర్చిలకు పాస్టర్లను నియమించే హక్కును అప్పట్లో డబ్బుతో కొనుక్కోవచ్చు. సువార్త బోధించేవాళ్లే ఉండాలని ఆయన అలాంటి హక్కులు కొని ఒక ట్రస్టు చేతిలో పెట్టాడు. ఉద్దేశం మంచిదే. కానీ సంఘానికి ఇష్టం లేని కాపరిగా అంత బాధపడ్డవాడు, సంఘంతో పనిలేకుండా కాపరిని పెట్టే దారి ఎంచుకోవడం నాకు కష్టంగానే ఉంది.

మన దేశంతో ఆయనకు గట్టి బంధమే ఉంది. 1799లో ఏర్పడిన చర్చి మిషనరీ సొసైటీకి బీజం వేసినవాళ్లలో ఆయనొకడు. ఆ సొసైటీయే 1841లో మచిలీపట్నంలో తెలుగు మిషన్ మొదలుపెట్టింది, రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్‌లతో. అప్పటికి సిమియన్ పోయి ఐదేళ్లు.

ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన హెన్రీ మార్టిన్ ఈస్టిండియా కంపెనీ చాప్లిన్‌గా, అంటే కంపెనీవాళ్ల పాస్టర్‌గా, మన దేశానికి వచ్చి, కొత్త నిబంధనను ఉర్దూలోకి అనువదించి, 1812లో టర్కీలోని తోకాత్‌లో 31 ఏళ్లకే చనిపోయాడు. అతని బొమ్మ సిమియన్ గదిలో పొయ్యి పైన వేలాడేది. ఆ బొమ్మ తనను చూసి ‘ఆటలాడకు’ అంటున్నట్టుంటుందని స్నేహితులకు చెప్పేవాడు. ఆ తర్వాత బొమ్మ వైపే తిరిగి, ‘లేదు, ఆటలాడను’ అని బదులిచ్చేవాడు.